ఊదారంగు దీపం వెలిగేదాకా

ఇంకా వెలగలేదు. గోడ మూలన, వరసగా వేలాడదీసిన ఎండు ఆనపకాయ బుర్రల పైన, ఆ నల్లగాజు గొట్టం మాడిపోయిన ట్యూబ్‌లైటులా పడుకుని ఉంది. దాని వైపు ఎవరూ చూడటం లేదు, చూడాల్సిన అవసరం నాకొక్కదానికే ఉంది. నాకెదురుగా ఎక్స్‌ప్రెస్ అన్న కూర్చుని నవ్వుతున్నాడు. నవ్వనీ. ఎంత నోరు తెరిచి నవ్వితే అంత మంచిది. పై వరసలో, ముక్కుకి సూటిగా కింద, ఎడమ పక్కన ఉన్న ముందుపన్ను నేను చేసింది. ఆ సంగతి ఈ బల్ల చుట్టూ ఉన్న ఐదుగురిలో అతనికీ నాకూ మాత్రమే తెలుసు. ఆ దీపం వెలిగితే ఆ పన్ను ఏమవుతుందో అతనికి కూడా తెలియదు.

ఈ నైజీరియా హోటలు మేం పనిచేసే వీధి చివర కొత్తగా తెరిచారు. అంతకుముందు ఇక్కడ సైకిళ్ళ దుకాణం ఉండేది, షట్టరు మీద చక్రం బొమ్మ ఇంకా చెరిగీ చెరగకుండా ఉంది. సాయంత్రం పని దిగి బస్సు కోసం నిలబడినప్పుడు అద్దంలోంచి లోపలికి చూసేదాన్ని. చూడటం తప్ప నాకు వేరే సరదా ఏముంది, ఊళ్ళో బడిలో కూడా అంతే, అందరూ అరుస్తూ ఆడుకుంటుంటే నేను మెట్టు మీద కూర్చుని ఎవరు ఎవర్ని తోస్తున్నారో, పంతులమ్మ వచ్చేసరికి ఎవరి ముఖం ఎలా మారుతోందో చూసేదాన్ని, ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పేదాన్ని కాదు, అన్నీ కడుపులోనే. ఒక సాయంత్రం లోపల మామూలు దీపాలు ఆర్పి ఆ నల్లగాజు దీపం వేశారు. ఎవరిదో పుట్టినరోజులా ఉంది, గుండెల మీద కొట్టినట్టు ఏదో పాట, లేచి నిలబడి ఊగుతున్న మనుషులు. గదంతా ఊదారంగు నీళ్ళలో మునిగినట్టయింది. తెల్ల చొక్కాలు భగ్గుమన్నాయి, బల్లల మీది గుడ్డలు వెలిగాయి, నవ్విన ప్రతి నోట్లో పళ్ళు నీలి తెలుపుగా మెరిశాయి, మనిషి కనబడక ముందే నవ్వు కనబడింది. బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. అప్పటిదాకా నాకు దారి తెలియదు, ఎప్పుడో ఎక్కడో జరుగుతుందిలే అని ఊరుకున్నదాన్ని. ఆ సాయంత్రం అద్దానికి ముక్కు ఆనించి, ఇక్కడే, అనుకున్నాను. ఇతన్ని ఇక్కడికే తీసుకురావాలి.

తీసుకురావడానికి నేను పడిన కష్టం ఒక్క మాట. యజమాని మాకు భోజనం పెట్టిస్తానన్నాడు, ఊరి అవతల ఇంకో పళ్ళ ల్యాబు తెరుస్తున్నాడు, దానికి ఎక్స్‌ప్రెస్ అన్నని పెద్దగా వేస్తున్నాడు, ఆ సంబరం. ఎక్కడికెళ్దాం అంటే తలో పేరు చెబుతున్నారు. నేను ప్లాస్టర్ గది గుమ్మంలో తడి చేతులతో నిలబడి, "చివరన నైజీరియా హోటలు తెరిచారు కదా సార్" అన్నాను. అందరూ గోడ మాట్లాడినట్టు తిరిగి చూశారు. "మూగపిల్ల నోరు విప్పిందిరోయ్!" అని చప్పట్లు కొట్టాడు ఎక్స్‌ప్రెస్ అన్న, "అయితే అక్కడికే పోదాం సార్, మళ్ళీ ఎప్పుడు మాట్లాడుతుందో ఏమో." తన కాళ్ళతో తనే నడిచొచ్చాడు. నేను వెనక నడిచాను.

లోపల ఎండుచేపల వాసన, ఎర్రనూనె వాసన, ముక్కు చివర పట్టుకుని లాగే మిరపకాయ వాసన. నడిపే ఆవిడ పొడుగు మనిషి, తలకి గుడ్డ పెద్ద పువ్వులా చుట్టుకుంది, మన మాటలు నాలుగొచ్చు, మిగతావి చేతులతోనూ కళ్ళతోనూ చెబుతోంది, ప్రతి మాట చివరా ఒక ఓ తగిలిస్తోంది. గిన్నెలో నీళ్ళు తెచ్చి మా చేతులు కడుక్కోమని బల్ల దగ్గరే పెట్టింది. ప్లాస్టర్ బాబాయి తన చేతులు ముంచాడు, నీళ్ళు పాలల్లే తెల్లబడ్డాయి. "సబ్బు పెట్టి రుద్దుకునే వచ్చానమ్మా, నా చేతుల్లోంచి ఇంకా ఊరుతూనే ఉంటుంది" అన్నాడు బాబాయి, ప్లాస్టర్ దిమ్మలు అరగదీసే చక్రం దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి చెవులు దెబ్బతిన్నాయి, అందుకే అందరితోనూ అరిచి మాట్లాడతాడు. ఆవిడకి ఏం అర్థమయిందో ఏమో, "సారీ-ఓ, సారీ" అంటూ వేరే నీళ్ళు తెచ్చింది. ఎర్రటి అన్నం వచ్చింది, గింజలు నూరి చేసిన చిక్కటి పులుసు వచ్చింది, దంచిన దుంప ముద్దలు తెల్లగా నున్నగా వచ్చాయి, మా అచ్చుల్లోంచి తీసిన ప్లాస్టర్ దిమ్మల్లా ఉన్నాయి, పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం, వేయించిన తియ్యటి అరటి ముక్కలు. ఎక్స్‌ప్రెస్ అన్న ఆగలేదు, మాంసం పొగలు కక్కుతుండగానే నోట్లో పెట్టుకున్నాడు, కారం నషాళానికి అంటి దగ్గు పట్టుకుంది, కళ్ళల్లో నీళ్ళు. ఆవిడ పరుగెత్తుకొచ్చి వీపు మీద చెయ్యి వేసి, "సారీ! సారీ-ఓ!" అంది. యజమాని గ్లాసు దొర్లింది, దానికీ ఆవిడే సారీ. పక్క బల్ల మీద ఎవరో తుమ్మారు, దానికీ.

"తను చేయని తప్పులన్నిటికీ తనే సారీ చెబుతోంది పాపం" అంది పింగాణి అక్క, మాతో పళ్ళు చేసే ఆవిడ. "మేడమ్, ఆ అలవాటు కాస్త మా ఎక్స్‌ప్రెస్‌కి నేర్పించి పంపండి."

"నేను తప్పు చేస్తే కదక్కా, చెప్పడానికి" అన్నాడతను, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.

నేను ముద్ద తుంచి పులుసులో అద్దాను. నమలక్కర్లేదట, మింగడమేనట, ఆవిడ గొంతు మీద వేలు దించి చూపించింది. మింగాను. మింగడం నాకు బాగా వచ్చు.

మాది పళ్ళు చేసే పని. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి రాతి నోళ్ళు తీస్తాం, వాటి మీద మైనంతో చెక్కుతాం, పింగాణి పొడి నీళ్ళతో కలిపి కుంచెతో పొర మీద పొర పరిచి, ఫర్నేస్‌లో కాల్చి, ఊడిన పళ్ళ చోట పెట్టుకోవడానికి క్యాపులూ బ్రిడ్జిలూ పంపిస్తాం. చెక్కడం నాకు సుద్దముక్కల దగ్గర అబ్బింది. బడిలో పంతులమ్మ పారేసిన సుద్దముక్కలు ఏరుకుని పిన్నీసుతో చిన్న చిన్న పళ్ళు చెక్కేదాన్ని, పళ్ళే ఎందుకంటే మా పెద్దమ్మకి ముందుపన్ను లేదు. చేతిపంపు పిడి ఎగిరొచ్చి తగిలింది. అప్పట్నించీ పెద్దమ్మకి నవ్వంటే భయం, నవ్వు వచ్చేలోపు చెయ్యి వచ్చేసేది మూతి మీదకి, అందరూ విరగబడి నవ్వుతుంటే ఆవిడ భుజాలు మాత్రం ఊగేవి. కిటికీ పక్క బల్ల దగ్గర నాకు కుర్చీ ఇచ్చాక నా సొంతానికి చేసిన మొదటి పన్ను ఆవిడదే. పెట్టుకుంది, అద్దంలో చూసుకుంది, నవ్వింది, చెయ్యి మళ్ళీ అడ్డం పెట్టుకుంది. అలవాటు పన్ను కంటే గట్టిది.

కిటికీ పక్క బల్ల. ఆ బల్ల గురించి తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళు వాటంతటవే కుంచె పట్టుకున్నట్టు దగ్గరికొస్తాయి. పొద్దుటి వెలుతురు ఎడమ భుజం మీంచి పడుతుంది, పన్ను రంగు చూడటానికి దాన్ని మించిన వెలుతురు లేదు, పొడిలో నీళ్ళు ఎక్కువైతే అంచు మీద అద్దంలా మెరుస్తుంది, కాగితం ముక్క తాకిస్తే ఆ మెరుపు లోపలికి ఇంకిపోతుంది, అప్పుడు ఊపిరి పట్టుకోవాలి. ఆరు పళ్ళ బ్రిడ్జి నేను ఊపిరి పట్టుకునే చేశాను. ఫర్నేస్‌లో పెట్టాను. కాలడం అయ్యాక తలుపు వెంటనే తియ్యకూడదు, లోపలి ఎరుపు నెమ్మదిగా నల్లబడాలి, తనంతట తను చల్లారాలి, అంతదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. ఎక్స్‌ప్రెస్ అన్నకి నిలబడటం రాదు. అతనికి ఆ పేరు పెట్టిందే అందుకు, తింటూ నడుస్తాడు, నడుస్తూ ఫోను మాట్లాడతాడు, ఎదుటివాడి మాట సగంలో ఉండగానే సరే సరే అంటాడు. తర్వాత తన పని పెట్టుకోవాలని చటుక్కున తలుపు తీసేశాడు, ఇంకా ఎర్రగా ఉండగానే, బయట చల్లగాలి. "అన్నా!" అన్నాను. "ఏం కాదులేవే" అన్నాడు. కంటికి ఏమీ కనబడలేదు. వెంట్రుకలాంటి పగులు లోపలెక్కడో పడుకుని ఉంది. ఆ బ్రిడ్జి పెట్టించుకున్నాయన ఆపిల్ కొరికితే ముక్క విరిగి చేతిలోకొచ్చిందట. డాక్టరు ఫోనులో అరిచిన అరుపు గది అవతలికి వినబడింది. యజమాని అందర్నీ నిలబెట్టాడు. ఎక్స్‌ప్రెస్ అన్న చాలా నెమ్మదిగా, జీవితంలో మొదటిసారి నెమ్మదిగా, "పొడి సరిగ్గా ఒత్తలేదు సార్, లోపల గాలి బుడగ ఉండిపోయింది, కొత్త పిల్ల కదా" అన్నాడు. నేను చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు. "తలుపు ముందే తీశారు సార్" అన్నాను, ఉన్న గొంతంతా పెట్టి, అయినా అది ఎంత, పిల్లికూన గొంతు. అతను నవ్వాడు. "ఫర్నేస్ ముందు నిలబడి కలలు కంటుంది సార్, ఏం చూసిందో ఏమో." మిగతావాళ్ళు కూడా నవ్వారు, కోపంతో ఉన్న యజమాని ముందు నవ్వే అవకాశం దొరికితే ఎవరు వదులుకుంటారు. మర్నాటి నుంచి నన్ను ప్లాస్టర్ గదిలోకి పంపారు, కిటికీ పక్క బల్ల అతను తీసుకున్నాడు.

ప్లాస్టర్ గదికి కిటికీ లేదు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, అరచేతిలో పెట్టుకుంటే జ్వరం వచ్చిన పసిబిడ్డ తలలా ఉంటుంది, కాసేపటికి చల్లబడి రాయి అవుతుంది. నాలో కూడా అదే జరిగింది. మొదట్లో మండేది, అన్నం సహించేది కాదు, పడుకుంటే అతని నవ్వు చెవిలో తిరిగేది. తర్వాత చల్లబడింది, గట్టిపడింది, ఇప్పుడు ఎంత నొక్కినా సొట్ట పడదు. బాబాయి జాలిపడి, "నాతోపాటు అరవడం నేర్చుకో అమ్మడూ, బతుకుతావు" అన్నాడు. నేను అరవడం నేర్చుకోలేదు. ఆగడం నేర్చుకున్నాను.

ఆ తర్వాత అతను సోడా మూత పళ్ళతో తీశాడు. పళ్ళు చేసే మనిషి! పన్ను సగానికి విరిగింది. సెలవు రోజున నాకు ఫోను చేశాడు, "ఒకసారి ల్యాబుకి వచ్చిపోవే పిల్లా, ఎవరికీ చెప్పకు." వెళ్ళేసరికి కిటికీ పక్క నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని. ఏం జరిగిందో చెప్పాడు. అక్కకి తెలిస్తే ఆరు నెలలు ఆటపట్టిస్తుందన్నాడు. కాసేపు గోడ వైపు చూసి, "ముందుపన్ను నువ్వు చేసినట్టు ఇక్కడ ఎవరూ చెయ్యలేరు, నీ చెయ్యే కావాలి" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. చెవులారా విన్నాను. ఆ మాట పదిమంది ముందు అనుంటే నేను కిటికీ పక్కన ఉండేదాన్ని, ఇప్పుడీ హోటల్లో ఈ దీపం వైపు చూస్తూ కూర్చునేదాన్ని కాదు. తర్వాతైనా అంటాడేమో, పన్ను పెట్టించుకున్నాక అంటాడేమో అని, నిజం చెప్పాలంటే, ఒక పూట ఆశపడ్డాను కూడా. నోరు తెరవమన్నాను. తెరిచాడు. రంగు పలకలు ఒక్కొక్కటే అతని పళ్ళ పక్కన పెట్టి చూశాను. నన్ను నవ్వులపాలు చేసిన నోరు నా ముందు తెరుచుకుని, నాలుక కదలకుండా, నేను మూసుకోమనేదాకా మూసుకోకుండా ఉంది. ఆలస్యం అతనికి ఇష్టముండదు కదా, నేను నింపాదిగా చూశాను.

పన్ను బాగా చేశాను. చెడగొట్టలేదు, నా చేతులకి అది రాదు. పక్క పన్ను మీదున్న చిన్న గీత దించాను, అంచు కాస్త లోపలికి వంచాను, నేను ఏ ముందుపన్ను చేసినా అంచు అలాగే వంచుతాను, పెద్దమ్మ పెళ్ళి ఫొటోలో ఉన్న పన్ను అంచు అది. తర్వాత పైపొర పొడి కోసం అల్మారా తెరిచాను. నా చెయ్యి దానంతట అది వెళ్ళిందని చెప్పను, నేనే తీసుకెళ్ళాను, అడుగు అరలో మూలకి నెట్టేసిన పాత సీసా దగ్గరికి. పగటి వెలుతురులో ఆ పొడికీ కొత్త పొడికీ తేడా దేవుడు కూడా చెప్పలేడు. కానీ నిజం పన్ను ఊదా వెలుతురులో వెలుగుతుంది, మనిషి పుట్టుకతో వచ్చిన గుణం అది, కొత్త పొడిలో ఆ వెలిగే గుణం కలిపి ఉంటుంది, పాతదాంట్లో ఉండదు. అదేమవుతుందో మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఎందుకంటే కొత్తగా చేరిన ఎవరికైనా యజమాని మొదట చెప్పే కథే అది: ఒక నాట్యం చేసే అమ్మాయికి పాత పొడితో పన్ను పెట్టారట, రంగస్థలం మీద ఊదా దీపాలు వేసేసరికి నవ్వుతున్న అమ్మాయి నోట్లో పన్ను మాయమై నల్లటి కంత కనబడిందట, జనం ఈలలు వేశారట. అప్పట్నించీ ఏ పన్నయినా గడప దాటే ముందు సొరుగులో ఉన్న చిన్న ఊదా టార్చ్ వేసి చూడాలి. పనిలో చేరిన మొదటి రోజు నేర్పేది ఇదే. ఆ టార్చ్ తీసి నేను ట్రేలో పన్ను పక్కనే పెట్టాను. దాచలేదు. నొక్కడానికి వీలుగా బొడిపె పైకి తిప్పి మరీ పెట్టాను. ఒక్కసారి నొక్కి చూసుంటే అంతా అక్కడే ఆగిపోయేది. అతను పన్ను తీసుకున్నాడు, కిటికీ దగ్గర ఇటూ అటూ తిప్పాడు, "అదిరింది" అన్నాడు, టార్చ్ పక్కకి జరిపి ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు డాక్టరు దగ్గర ఊడకుండా అతికించుకుని వచ్చి, అందరి ముందూ పళ్ళికిలించి, "నా పన్ను నేనే చేసుకున్నా, ఏదో కనిపెట్టండి చూద్దాం!" అన్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. నా వైపు ఒక్కసారి చూశాడు, చూసి కన్ను కొట్టాడు. ఆ కన్ను కొట్టడం. తలుపు తీసింది క్షమించేదాన్నేమో, గాలి బుడగ అన్నది కూడా ఎప్పటికైనా మరిచిపోయేదాన్నేమో, ఆ కన్ను కొట్టడం మాత్రం లోపల అతుక్కుపోయింది.

ఇదిగో, మళ్ళీ మొదలుపెట్టాడు. హోటలావిడ ఖాళీ గిన్నెలు తియ్యడానికి వస్తే ఆపి, "మేడమ్, నా పళ్ళల్లో ఒకటి దొంగపన్ను, నా చేత్తో నేనే చేసుకున్నది, ఏదో చెప్పండి" అంటున్నాడు. ఆవిడ వంగి పసుపు దీపం వెలుతురులో అటూ ఇటూ చూసింది, గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది, ఒకటి తాకబోయి మానేసింది, ఓడిపోయానని చేతులెత్తేసింది. యజమాని గర్వంగా తలాడించాడు. "డాక్టర్లకే చిక్కలేదమ్మా, కొత్త ల్యాబుకి ఇతని నోరే మా బోర్డు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను చేతులు కడుక్కోవడానికని లేచాను.

గల్లా దగ్గర ఆవిడ గ్లాసులు తుడుస్తోంది. "ఆయన ఇవాళ పెద్ద అయ్యాడు" అన్నాను, వేలితో చూపించి, "మాకు సంబరం." ఆవిడ ముఖం విప్పారింది. "బాస్? ఓహో! పాట కావాలి-ఓ, పాట!" అంది. నేను మూలనున్న నల్లగొట్టం వైపు చూశాను. "ఆ దీపం కూడా" అన్నాను. "అదే! అదే!" అని నా బుగ్గ పుణికి, "కొంచెం ఆగు" అంది. ఇంతమందిలో ఆగమని అడగడానికి సరైన మనిషినే పట్టుకుంది.

అప్పట్నించీ ఆగుతున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది, పక్క బల్లకి పులుసు తెచ్చింది, ఎవరితోనో ఫోను మాట్లాడింది, ఫోనులో కూడా సారీ చెప్పింది. మరిచిపోయిందా. గ్లాసులో ఎర్రపూల షర్బత్ అడుగుకి వచ్చింది, నేను గుక్క గుక్కకీ మధ్య ఆపి తాగుతున్నాను, గ్లాసు ఖాళీ అయితే లేవమంటారు. యజమాని గడియారం చూసుకున్నాడు. చూసుకుని గొంతు సవరించుకున్నాడు. "సరే, ఇతను వెళ్ళిపోతే ఇక్కడ కిటికీ పక్క బల్ల ఖాళీ అవుతుంది. దానికి మనిషి కావాలి." నా చేతిలో అరటి ముక్క అలాగే ఉండిపోయింది. అక్క నా వైపు చూసింది, చూసినట్టు లేకుండా. బాబాయికి వినబడలేదు, "ఏమంటున్నాడు?" అని అరిచాడు.

"నేను చూసి పెట్టాను సార్" అన్నాడు ఎక్స్‌ప్రెస్ అన్న, యజమాని మాట ఇంకా పూర్తి కాకుండానే. "మా బావమరిది ఉన్నాడు, కోర్సు చేశాడు, చురుకైనవాడు."

"మరి ఈ అమ్మాయి ఇంతకుముందు చేసింది కదా" అంది అక్క.

"ఆ అమ్మాయికి ప్లాస్టర్ గదే బాగుందక్కా. ఏమ్మా, బాగుంది కదూ? చూశారా, కాదనలేదు." మళ్ళీ నవ్వు. మళ్ళీ ఆ కన్ను. యజమాని, సరే అయితే సోమవారం తీసుకురా, అనబోతున్నాడు, ఆయన పెదాలు స కోసం విడివడటం చూశాను. నా లోపల రాయిలా ఉన్నది మళ్ళీ వేడెక్కింది. చల్లారనివ్వాలి, తలుపు తియ్యకూడదు, నేను ఇప్పుడు నోరు తెరిస్తే పిల్లికూన గొంతే వస్తుంది, ఆగు, ఆగు, ఆవిడ ఆగమంది.

మామూలు దీపాలు ఆరిపోయాయి.

ఒక్క దరువు, దాని వెనక ఇంకొకటి, గ్లాసులు అదిరాయి. నల్లగొట్టం రెండుసార్లు మిణుకుమని నిలబడింది. గదంతా ఊదా. యజమాని తెల్లచొక్కా నిప్పంటుకున్నట్టు వెలిగింది, బల్ల గుడ్డ వెలిగింది, బాబాయి బనీను అంచు మెడ దగ్గర గీతలా వెలిగింది. వంటింట్లోంచి ఆవిడా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చప్పట్లు కొట్టుకుంటూ, నడుములు ఊపుకుంటూ మా బల్ల చుట్టూ వచ్చారు, "బాస్! బాస్!" అంటున్నారు. ఎక్స్‌ప్రెస్ అన్నకి ఒళ్ళు తెలియలేదు, కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు, రెండు చేతులూ పైకెత్తాడు, తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వాడు.

నేను చూశాను. కళ్ళు ఆర్పకుండా చూశాను. పై వరసంతా నీలి తెలుపుగా మెరుస్తోంది, సరిగ్గా మధ్యలో, ముక్కుకి సూటిగా కింద, నల్లటి గుమ్మం. లోపల ఎవరూ లేని ఇంటి గుమ్మం.

ముందు ఆడవాళ్ళ చప్పట్లు ఆగాయి. హోటలావిడ దగ్గరికొచ్చి వంగి చూసింది, పందెం గెలిచిన చిన్నపిల్లలా ముఖం వెలిగింది, వేలు పెట్టి చూపించింది. "ఇదే! ఇదే-ఓ!"

"ఒరే అబ్బాయ్, పన్నేదిరా?" అని అరిచాడు బాబాయి, పాట కంటే గట్టిగా. "ముద్దతోపాటు మింగేశావా ఏంటి? నమలొద్దంది గానీ మరీ పళ్ళు కూడానా!"

గది మొత్తం నవ్వింది. పక్క బల్లలు కూడా. నవ్వని మా వాళ్ళు ఇద్దరు, అక్కా, యజమానీ. పళ్ళు చేసేవాళ్ళకి అది ఏమిటో చూడగానే తెలుస్తుంది. ఎక్స్‌ప్రెస్ అన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, అందరూ తనతో నవ్వుతున్నారనుకుని, తర్వాత యజమాని ముఖం చూశాడు, నవ్వు సగంలో ఆగింది, ఫోను తీసి అద్దంలా ముఖం ముందు పెట్టుకున్నాడు. చూసుకున్నాక అతని చెయ్యి లేచి మూతికి అడ్డం వచ్చింది. పెద్దమ్మ చెయ్యి వచ్చినట్టే వచ్చింది, అంతే వేగంగా. నా గుండె ఒక్కసారి కలుక్కుమంది. ఒక్కసారే. పెద్దమ్మ ఎవరి బల్లా లాక్కోలేదు, ఎవరికీ కన్ను కొట్టలేదు.

"పాత పొడి" అన్నాడు యజమాని. పాట హోరులో కూడా ఆ మాట స్పష్టంగా వినబడింది. "నువ్వే చేసుకున్నానన్నావు. టార్చ్ వేసి చూసుకోలేదా? మొదటి రోజు నేర్పే పని అది. నీ నోరే చూసుకోనివాడివి, రేపు ల్యాబు నీ చేతిలో పెడితే ఎన్ని నోళ్ళు ఇలా పంపిస్తావు?"

అతను చెయ్యి తియ్యలేదు. కళ్ళు మాత్రం కదిలాయి, బల్ల మీదుగా వచ్చి నా దగ్గర ఆగాయి. అతను నన్ను అంతసేపు చూడటం అదే మొదటిసారి. లెక్కపెట్టుకుంటున్నాడు, నాకు తెలుసు, నేను ఎప్పుడో పెట్టిన లెక్కే. నేనే చేసుకున్నాను అంటే టార్చ్ వెయ్యని పనివాడు. ఆ అమ్మాయి చేసింది అంటే, పొడి ఒత్తడం కూడా రాదని వెళ్ళగొట్టిన అమ్మాయి దగ్గరికి దొంగచాటుగా వెళ్ళి నోరు తెరిచినవాడు, ఇన్నాళ్ళూ అబద్ధమాడినవాడు. నన్ను ఇరికిద్దామన్నా ముందు తను అందులో దిగాలి. నేను షర్బత్ చివరి గుక్క తాగాను. పుల్లగా, లోపలెక్కడో తియ్యగా ఉంది.

అక్క లేచి అతని దగ్గరికెళ్ళింది. "చెయ్యి తీ" అంది. తియ్యలేదు. తనే మణికట్టు పట్టుకుని కిందకి దించి, గడ్డం పైకెత్తి, వంగి చూసింది. మెరిసే పళ్ళ మధ్య ఆ నల్ల పన్ను ఆకారం ఇప్పుడు పెన్సిలుతో గీసినట్టు తేటగా కనబడుతోంది, పై నుంచి కిందకి, కింద లోపలికి వంగిన ఆ అంచు దాకా. అక్క ఆ అంచు దగ్గర ఆగిపోయింది. ఎవరి చెయ్యి ఏదో మాకు దస్తూరీలా తెలుస్తుంది. అక్క మెల్లగా తల తిప్పి నన్ను చూసింది, నేను చూపు దించలేదు. మళ్ళీ అతని వైపు తిరిగింది.

"నిజం చెప్పు. ఇది నువ్వే చేశావా?"

అతని చెయ్యి మళ్ళీ మూతి మీదకి వచ్చేసింది. హోటలావిడ ఏదో తప్పు జరిగిందని గ్రహించి పాట తగ్గించింది, అతని భుజం మీద చెయ్యి వేసి, "సారీ, సారీ-ఓ" అంటోంది. దీపం మార్చడం మరిచిపోయింది. గదిలో అందరూ అతని వైపే చూస్తున్నారు, యజమాని చూస్తున్నాడు, వినబడని బాబాయి కూడా పెదాలు చదవడానికి ముందుకి వంగాడు. అతను చెప్పాలంటే చెయ్యి తియ్యాలి, నోరు తెరవాలి, ఈ దీపం కింద.

నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నాకు తొందరేమీ లేదు.